కొండెక్కిన కోడిగుడ్లు

కల్లమ్మే ఐకాండే పాకలో అరటి కల్లు పులిసిందో లేదో తెలియాలంటే కుండ మూత తీసి చూడాలి. మోతగాడు ఎలియమాని కోతలకి ఆ అవసరం లేదు, వాటంతటవే పొంగుతాయి. ఆ సాయంత్రం మరీ పొంగాయి. కారణం ఉంది.

తెల్లారితే కిలిమంజారో మీదికి కొత్త యాత్ర బయల్దేరుతుంది. మోతగాళ్ళలో ఒక్క చోటు ఖాళీ. ఆ చోటు ఎవరికివ్వాలో చెప్పాల్సిన పెద్దగైడు తారిమో మూల బల్ల దగ్గర కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా కల్లు తాగుతున్నాడు. పోయిన యాత్రలో కోడిగుడ్లన్నీ ఎలియమాని నెత్తిన పెడితే ఒక్క గుడ్డూ పైకి చేరలేదు. యాత్రికులు దిగేదాకా గంజి తాగారు, తిట్లు తారిమో తిన్నాడు. ఆ తర్వాత ఎలియమానిని ఎవరూ పిలవలేదు. వానలు మొదలైతే కొండెక్కేవాళ్ళే ఉండరు, ఈ యాత్ర తప్పిపోతే అతని ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. అందుకే మాకు చెబుతున్నట్టే ఉన్నా, అతని చూపంతా మూల బల్ల మీదే ఉంది.

"అదేమంత గొప్ప సంగతి కాదనుకోండి. నెత్తిన గుడ్ల ట్రేలు, ఒకదాని మీద ఒకటి పేర్చి తాడు కట్టి, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని అడవిలో నడుస్తున్నా. చేత్తో పట్టుకుంటే ఎవడైనా మోస్తాడు, పట్టుకోకుండా మోసినవాడే మోతగాడు. వాన. బురద. కాలు జారింది. అబద్ధం ఎందుకు, జారింది, వెల్లకిలా పడ్డాను. మరి గుడ్లు?"

"పగిలాయి" అన్నాడు ఉరియో. అతను ఎలియమానికి బావమరిది.

"నీ నోట్లో మన్నుపడ! పడింది నేను, ట్రేలు కాదు. నేను కిందనుంచి తప్పుకున్న సంగతి వాటికి తెలిస్తేగా! గాలిలో అలాగే నిలబడ్డాయి. నేను లేచి, బట్టలు దులుపుకుని, మళ్ళీ వెళ్ళి వాటి కింద నిలబడ్డా."

"మరి చొక్కా నిండా పచ్చసొన ఏంటి బావా? మా అక్క ఎంత ఉతికినా పోలేదుగా."

"పచ్చసొనా? అది సూర్యుడురా! పైన ఎంత దగ్గరగా వస్తాడో నీకేం తెలుసు, ఏనాడన్నా కొండ కింది గేటు దాటావా? ఇరుకు దారిలో ఎదురొచ్చి ఇలా రాసుకుంటూ పోయాడు. సర్లే, అడవి దాటాం, పొదలు దాటాం, కిబో శిఖరానికీ మావెంజీ శిఖరానికీ మధ్య ఆ బోడి మైదానం ఉంది చూశారూ, అక్కడ చలికి గుడ్లు వణకడం మొదలెట్టాయి. టకటక టకటక, ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. పాపం, లోపల ప్రాణం ఉంది కదా అని కోటు విప్పి కప్పా, స్వెట్టరు విప్పి కప్పా, పక్కన పడుకుని నా ఒంటి వేడిచ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు బిగుసుకుపోయావు" అంది ఐకాండే, అతని ఖాళీ కల్లు బుర్ర తీసుకుని మళ్ళీ నింపుతూ.

"నేను కాదక్కా! అవి పిల్లలయ్యాయి. ట్రేలకి ట్రేలు కిచకిచలు! ముందు నేను, నా వెనక బారుగా కోడిపిల్లలు. 'మెల్లగా, మెల్లగా' అని నేనంటుంటే ఒక్క పిల్ల తొందరపడితే ఒట్టు. యాత్రికులకి గొంతు పోయేలా చెబుతాం, వినరు, పరుగెత్తి వాంతులు చేసుకుంటారు. ఆ పిల్లలు విన్నాయి. సరే, ఒక మాట అడుగుతా చెప్పు ఉరియో, కింద కొన్న బిస్కట్ ప్యాకెట్ పైకి తీసుకెళ్తే ఏమవుతుంది?"

"ఉబ్బుతుంది" అని ఒప్పుకున్నాడు ఉరియో. మోత మోసినవాళ్ళు ఎప్పుడూ చెప్పే సంగతే అది.

"మరి ప్యాకెట్ ఉబ్బితే కోడిపిల్ల ఉబ్బదా? చివరి గుడిసెల దగ్గరికి వచ్చేసరికి ఒక్కోటి మేకంత. రాళ్ళ వాలు ఎక్కేసరికి గొడ్డంత! అప్పుడొచ్చాయి కాకులు. మెడ మీద తెల్లమచ్చ ఉంటుంది, వంటవాడి చేతిలో రొట్టె లాక్కుపోతాయి, ఆ దొంగ వెధవలు. మా పుంజు ఒక్క తన్ను తన్నింది. కాకుల పెద్ద గిరగిరా తిరుగుతూ పోయి మావెంజీకి గుద్దుకుంది. ఆ కొండ అలా బీటలు బీటలుగా ఎందుకుందనుకున్నారు?"

"కిబో రోకలితో బాదితే అలా అయిందని మా అవ్వ చెప్పేది" అంది ఐకాండే.

"మీ అవ్వ చూసిందా అక్కా? నేను చూశా. ఆ రాత్రే ఆ కాకుల పెద్ద కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ముక్కున ఏం కరుచుకొచ్చిందో తెలుసా? ముడేసిన ఇసాలె ఆకు! ఆ రాళ్ళలో ఇసాలె మొలుస్తుందా? మొలవదు. మన ఊరు మరాంగు దాకా ఎగిరొచ్చి, ఎవరి కంచెలోనో తెంచుకుని, ముక్కుతోనే ముడేసి తెచ్చింది. ఇసాలె తెచ్చాక ఇంకేముంది! తెచ్చినవాళ్ళు తప్పు ఒప్పుకున్నట్టు, పుచ్చుకున్నవాళ్ళు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. తాతల నాటినుంచీ అంతే కదా. కాకైతే మాత్రం? పుచ్చుకున్నా."

తారిమో అప్పుడు మొదటిసారి తలెత్తి చూశాడు. అది చూసి ఎలియమానికి ఊపొచ్చింది. ఆపమని సైగ చేద్దామనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే, కోళ్ళు ఏమయ్యాయో తెలుసుకోవాలని నాకూ ఉంది.

"ఇక పుంజు మీద ఎక్కి కూర్చున్నా. రెండు అంగల్లో శిఖరం! ఇంకా కటిక చీకటి. అది మెడ సాచి ఒక్క కూత కూసింది. సూర్యుడు, పాపం, ఆలస్యమైపోయిందనుకుని ఉలిక్కిపడి లేచి పరుగెత్తుకొచ్చాడు. ఆ రోజు జాంజిబారులో జాలర్లు వలలు వెయ్యకముందే తెల్లారిపోయింది, కావాలంటే వెళ్ళి అడగండి!"

"ఆ రోజు మేమూ శిఖరం మీదే ఉన్నాం" అన్నాడు తారిమో నింపాదిగా.

"ఉన్నావన్నా, ఎందుకు లేవు! కానీ నీ కళ్ళన్నీ యాత్రికుల మీదే. నిన్ను మించిన గైడు ఉన్నాడా? పక్కన ఏనుగు నిలబడినా చూడవు. కోళ్ళన్నీ అటువైపు మంచు గడ్డ మీద ఉన్నాయి. గుడ్లు పెట్టి పొదుగుతున్నాయి. మంచు కరిగిపోతోందని రేడియోలో పెద్దపెద్ద చదువులవాళ్ళు తలలు పట్టుకుంటున్నారే, ఏం లేదు, అడుగున మా కోళ్ళు వెచ్చగా కూర్చున్నాయి. నువ్వు కిందికొచ్చి గుడ్లేవిరా అన్నావు. నేను నోరు మెదపలేదు. ఏం చెప్పమంటావన్నా? పొదిగే తల్లి కిందనుంచి గుడ్డు లాగి ఆమ్లెట్ వేసేటంత కసాయివాణ్ణా నేను?"

పాకంతా ఘొల్లుమంది. ఉరియో నవ్వలేక కడుపు పట్టుకున్నాడు. ఎలియమాని కల్లు బుర్రెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, గెలిచినవాడిలా మూల బల్ల వైపు చూశాడు.

తారిమో లేచి వచ్చాడు. కోటు జేబులోంచి ఏదో తీసి ఎలియమాని ముందు బల్ల మీద పెట్టాడు. ముడేసిన ఇసాలె ఆకు. అంచులు కాస్త వాడి ఉన్నాయి.

"పొద్దున మాంకా వచ్చింది" అన్నాడు. మాంకా అంటే ఎలియమాని భార్య. "ఒక్క మాట మాట్లాడలేదు. ఇది నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నేను పుచ్చుకున్నాను. రేపు నిన్ను రమ్మని చెబుదామనే ఇక్కడికొచ్చి కూర్చున్నాను."

ఎలియమాని చేతిలోని బుర్ర బల్ల మీద పెట్టేశాడు. 

"ఇప్పుడు నువ్వు చెప్పింది విన్నాక తెలిసింది, నీ తప్పేమీ లేదని. గుడ్లు పగల్లేదు, పిల్లలయ్యాయి. తప్పు చెయ్యనివాళ్ళ దగ్గర ఆకు పుచ్చుకోవడం నాకు మంచిది కాదు. తీసుకెళ్ళి మాంకాకి ఇచ్చెయ్. ఆకు లేదంటే ఆ గుడ్ల సంగతి నేను మరిచిపోవాల్సిన పనీ లేదు. ఎప్పటిలాగే గుర్తుంచుకుంటాను."

ఐకాండే కల్లు పోయడం ఆపింది. ఆ ఆకు ఇవ్వడానికి మాంకా చీకట్లోనే లేచి తారిమో ఇంటిదాకా నడిచి ఉంటుంది, మొగుడికి చెప్పకుండా. ఎలియమాని ఆకు వైపే చూస్తున్నాడు. అతని మీద నాకు జాలేసింది. అంత పెద్ద పుంజు మీదనుంచి ఉన్నపళంగా దిగడమంటే మాటలా?

ఎలియమాని వేలి కొసతో ఆకుని మెల్లగా తారిమో వైపు నెట్టాడు.

"మరి మంచు మీద కోళ్ళో?" అన్నాడు తారిమో.

"ఏ కోళ్ళన్నా?" అన్నాడు ఎలియమాని.

తారిమో ఆకు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఆ గుడ్లేమో..." అంటూ ఉరియో ఏదో అనబోయాడు. తారిమో చెయ్యెత్తి ఆపాడు.

"ఆకు పుచ్చుకున్నాను. ఇక ఆ మాట ఎవరూ ఎత్తొద్దు." టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "పొద్దున్నే గేటు దగ్గరికి రా ఎలియమానీ. నీకు బంగాళాదుంపల మూట ఇస్తా. పడినా ఏరుకోవచ్చు."