దోనె ఎవరు నడిపారు

"మామ్మా, ఆత్మకథ అంటే ఏంటో రాసుకు రమ్మన్నారు కాలేజీలో. మనిషి తన కథ తను రాసుకోవడం గురించి నువ్వేమంటావ్?"

నన్నా అడుగుతున్నావ్? నాకొచ్చిన చదువెంతే తల్లీ! అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం, సంతకం పెట్టడం, అంతే. అదైనా ఖద్దరు చీర కట్టుకుని ఏలూరు నుంచి ఒకమ్మాయి కొల్లేట్లో మన లంకకి వచ్చేది చూడు, ఆ పిల్ల నేర్పింది. మా లంకలో ఆడాళ్ళలో నేనొక్కదాన్నే నేర్చుకున్నాను. మిగతావాళ్ళు నాలుగు రోజులు కూర్చుని లేచిపోయారు. నేను లేవలేదు. అది రాయి ముందు.

రాస్తున్నావా? సరే. తన కథ తను రాసుకున్నవాణ్ణి ఒకణ్ణి నేను కళ్ళారా చూశాను. తెల్లదొరల కాలం అది. తాడేపల్లిగూడెంలో బియ్యం కొట్టు శెట్టిగారు. పేరొద్దులే, మంచాయనే పాపం. మంచాయనని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు ఆయన పేరెత్తితే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఏమైందంటే, ధాన్యం చూసుకోడానికి మన లంకకి వచ్చాడాయన. వచ్చిన మర్నాడే గాలివాన పట్టుకుంది. కొల్లేరు పొంగి నీళ్ళు గుమ్మాల్లోకి వచ్చేశాయి. ఈయనేమో, గూడెంలో భార్యకి నెలలు నిండాయండీ, నేనెలాగైనా ఒడ్డెక్కాలండీ అని ఏడుపు. మీ తాత జ్వరంతో మంచం మీద మూలుగుతున్నాడు. మా బావగారు, అదే మీ పెద్దతాత, మగాళ్ళందరితో కలిసి మావులు కొట్టుకుపోకుండా చూసుకోడానికి వెళ్ళాడు. మావులంటే చేపలు పట్టే వెదురుబుట్టలు, నీకేం తెలుసులే, చెరువు చేపలు తిని పెరిగినదానివి.

అప్పుడు మా తోడికోడలు మంగమ్మక్క... ఆఁ, మీ పెద్దమామ్మే... దోనె తోసే గెడ కర్ర అందుకుంది. "పదవే, శెట్టిగారిని నే దింపుతాను" అంది. నన్ను నీళ్ళు తోడ్డానికి మధ్యలో కూర్చోమంది.

తాటిదోనె ఎప్పుడైనా ఎక్కావా? రెండు జానల వెడల్పుంటుంది. ఎక్కినవాడు ముందు కూర్చుని ముందుకే చూడాలి. వెనక్కి తిరిగాడో, దోనె బోర్లా పడుద్ది. నడిపేవాళ్ళు వెనకాల నిలబడి గెడ వేస్తారు. మేమెక్కే ముందే శెట్టిగారు గోనెసంచి నెత్తిన కప్పుకుని, రెండు చేతులా అంచులు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాడు. అక్కా ఒక గోనె కప్పుకుంది. కిక్కిస గడ్డిలోంచి దారి తీసుకుంటా, అలకి ఎదురుగా దోనె పెడతా, ఎంతసేపు నడిపిందో! నేను ముంతతో తోడతానే ఉన్నాను. గుండుగొలను వైపు గట్టు కనపడంగానే ఆయన మొలలోతు నీళ్ళలోకి దిగి పరిగెత్తాడు. అక్క ఆ క్షణమే దోనె తిప్పేసింది. ఆ వానలో వెనక్కి చూసినా ఆయనకి ఆడో మగో తెలిసేది కాదు.

బిడ్డ పుట్టిందంట, ఆడపిల్ల. లంకకి కబురు పంపించాడు.

తర్వాత పది పన్నెండేళ్ళకి ఆయన షష్టిపూర్తి చేసుకుని, తన జీవితం అంతా అచ్చు వేయించి తాంబూలంతో పాటు పంచిపెట్టాడు. ఒక పుస్తకం మన లంకకీ వచ్చింది. మన ఇంట్లో చదవడం నాకే కదా వచ్చు! వాకిట్లో కూర్చోబెట్టి చదవమన్నారు. ఆ పుస్తకంలో తెలుగేమో మనం మాట్టాడేది కాదు. కూడబలుక్కుని, కూడబలుక్కుని ఆ గాలివాన దగ్గరికి వచ్చాను. "దైవవశమున నొక దోనె లభింపగా నేను గట్టు జేరితిని." అంతే. ఇంకో ముక్క లేదు.

అందరూ అక్క వైపు చూశారు. అక్క వల అల్లుకుంటా తలెత్తలేదు. "లభించిందంటనా? గట్టు మీద పడుందేమోలే" అని నవ్వింది. "పోనీవే. ఆయన కథ ఆయనిష్టం."

నేను ఊరుకుంటానా? దోనె దానంతటది నడుస్తుందా? మా పుట్టిల్లు అటు మెట్టలోనే కదా, ఆ వంక పెట్టి భీమడోలులో రైలెక్కాను. రెండణాలో, మూడణాలో టిక్కెట్టు. మా అన్నయ్యని వెంటబెట్టుకుని సరాసరి కొట్టుకి వెళ్ళాను. "ఏవండీ శెట్టిగారూ, దోనె లభించిందన్నారంట. దానికి కాళ్ళున్నాయాండీ?" అనడిగాను. గుమస్తాలందరూ వింటానే ఉన్నారు.

ఆయన లేచి నిలబడ్డాడే! బల్ల వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. "తప్పు నాదేనమ్మా. నేను ఎంతసేపూ నీళ్ళకేసే చూశాను, వెనకాల ఎవరున్నారో చూడలేదండీ. మళ్ళీ అచ్చు వేయిస్తున్నాను. ఎవరు నడిపారో చెప్పండి, పేరు వేయిస్తాను" అన్నాడు. "మీ ఆయనేనా అమ్మా?" అన్నాడు.

ఇదిగో, ఇక్కడ ఆపు. కలం ఆపమనలేదు, నన్ను ఊపిరి తీసుకోనీ.

నేను మెట్ట పిల్లని. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు గెడ పట్టడం చేతకాలేదు. చేతకాకపోతే నేర్పాలి కదా! మంగమ్మక్క రేవులో పదిమందిలో, "మెట్ట నుంచి మట్టిబెడ్డని తెచ్చుకున్నాం, దోనెలో బరువుకి పనికొస్తుంది" అంది. అందరూ నవ్వారు. నన్ను చాలాకాలం బెడ్డనే పిలిచారు. నేను మర్చిపోలేదు. ఇప్పటికీ మర్చిపోలేదు, ఎందుకు దాచాలి?

శెట్టిగారు "మీ ఆయనేనా" అన్నప్పుడు, అక్క పేరు గొంతులోకి వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. నేను తల ఊపాను. "పేరేంటమ్మా?" అన్నాడు. మొగుడి పేరు నోటితో చెప్పం కదా మేము. కాగితం, పెన్సిలు ఇచ్చాడు. పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను మీ తాత పేరు. నా చేత్తో నేను బయటివాళ్ళకి రాసిచ్చిన మొట్టమొదటి కాగితం అది. గుమస్తాలు కూడా, "ఎంత గుండ్రంగా రాశావమ్మా" అన్నారు. సంబరపడ్డాను చూడు, అదీ నా బుద్ధి!

కొత్త పుస్తకం వచ్చింది. మళ్ళీ వాకిట్లో నేనే చదవాలి. మీ తాత పేరు, సాహసవంతుడనీ, ప్రాణదాతనీ ఏవేవో. మీ తాత మొహం చిన్నబోయింది. "నేనారోజు దుప్పటి కప్పుకుని పడుకున్నాను కదే" అని లేచి రేవుకేసి పోయాడు. ఆ పుస్తకం ముట్టుకోనేలేదు మనిషి. అక్క మాత్రం అంతా విని, "బాగుంది. అచ్చులో మా మరిది చక్కగా నడిపాడు" అంది.

అంతే అంది. ఇంకెప్పుడూ ఎత్తలేదు. నాతో పోట్లాడితే బాగుండేది. సాయంత్రానికి ఎప్పట్లాగే కొరమీను పులుసు గిన్నెతో పంపింది. ఆ గిన్నె కడిగి ఆవిడ గుమ్మంలో పెట్టి వచ్చేశాను.

నీ ప్రశ్న మర్చిపోలేదులే, వస్తున్నాను. శెట్టిగారు తనకి తెలియంది రాయలేదు, తెలిసిందే రాసుకున్నాడు. ఆయన్ని నేను ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. తెలిసి తెలిసి తప్పు రాసింది నేను. మనిషి తన కథ చెప్పుకుంటే, పక్కవాళ్ళ బతుకు కూడా ఆ నోట్లోనే ఉంటుందే. మింగేస్తే ఎవరికీ తెలియదు. మింగినవాళ్ళకి తెలుస్తుంది. మీ మాస్టారు దీన్ని ఏమంటారో నాకు తెలియదు. నేనిలా అంటాను.

ఇప్పుడు రాయి. ఆ గాలివానలో దోనె నడిపింది మంగమ్మ. మీ పెద్దమామ్మ. పక్కన నా పేరు పెట్టు, చెప్పింది ఎవరో తెలియాలి కదా. తప్పు పేరు రాసిచ్చింది కూడా నేనే అని రాయి. మెత్తగా మార్చి రాయకు, నువ్వు మంచిదానివి, మారుస్తావు.

రాశావా? అయితే మీ మాస్టారికి తర్వాత చూపిద్దువు గాని, ముందు లంకలో మీ పెద్దమామ్మ దగ్గరికి వెళ్ళు. ఆవిడకి ఎడమ చెవి పోయింది, కుడివైపు కూర్చుని గట్టిగా చదువు. నేను రానే. వస్తే ఇద్దరం ఏదో ఒకటి అనుకుంటాం, చదవడం ఆగిపోతుంది. ఆవిడ ఏమంటే అది కింద రాసుకు రా. తిడితే తిట్టినట్టే రాయి, ఒక్కటీ వదలకు. ఏమీ అనకపోతే... ఏమీ అనలేదని రాయి.

నీ కళ్ళు చల్లగుండాలి తల్లీ, నీ చేతిరాత నాకంటే బాగుంటుంది. పొద్దున్నే వెళ్ళమ్మా. ఎండెక్కితే ఆవిడ కునుకు తీస్తుంది, లేపితే చిరాకు... ఎప్పుడూ అంతే ఆవిడ...