గ్రోబెన్ ఇంకా వేటకి వస్తున్నాడా?

"అబద్ధమాడే అలవాటే నాకుంటే ఆ బీమా అమ్మాయికి ఒక్క ముక్కలో చెప్పి ఫోన్ పెట్టేసేవాణ్ణి," అన్నాడు అల్గోట్ బాబాయి, మా వైపు అలవాటు ప్రకారం కాఫీలో చీజ్ ముక్కలు వేసుకుంటూ. "నిజం చెప్పేవాడికే టైము పడుతుంది."

మధ్యాహ్నం వేట ఆపి, పైన్ చెట్ల మధ్య మంట వేసుకుని కూచున్నాం. జట్టుకి పెద్దని నేను. ఎవరు ఎక్కడ నిలబడాలో, మంట ఎప్పుడు ఆర్పాలో నేనే చెప్పాలి. కానీ బాబాయి మొదలుపెట్టాక ఆపడం నా వల్ల కాదు, మా నాన్న వల్లే కాలేదు.

అసలు సంగతి మా అందరికీ తెలుసు. బాబాయి కుక్క గ్రోబెన్‌కి పన్నెండేళ్ళొచ్చాయి. వాడి బీమా గడువు ఇవాళ్టితో సరి. కుక్క ముసలిదయ్యేకొద్దీ మనం కట్టేది పెరుగుతుంది, వాళ్ళిచ్చేది తరుగుతుంది, అంచేత ఆ బీమా కొట్టేయించమని మాయ్‌కెన్ పిన్ని పోరుతోంది. పొద్దున బీమా అమ్మాయి ఫోన్ చేసి, గ్రోబెన్ ఇంకా వేటకి వస్తున్నాడా అని అడిగిందట. వస్తుంటే వేటకుక్క అని రాసుకుంటారు, రాకపోతే ఇంటికుక్క అని. అసలొద్దంటే కొట్టేస్తారు. ఆలోచించుకోండి, మధ్యాహ్నం మళ్ళీ చేస్తానందట.

"అడిగేదానికైనా ఉండాలి కదా," అన్నాడు బాబాయి. "ఎవర్ని గురించి అడుగుతోందో దానికేం తెలుసు పాపం. అందుకని కోప్పడలేదు. చూడమ్మాయ్, మొన్న మంగళవారం సంగతి చెబుతాను, విన్నాక నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో అన్నాను. మంగళవారం మీరంతా చెరువు వైపు పోయారా, నేను వాణ్ణి వాగు దగ్గర వదిలాను. వదిలీ వదలగానే మూస్ దుప్పి వాసన పట్టాడు. నేను ముక్కు చీది రుమాలు జేబులో పెట్టుకునేలోగా దాన్ని నిలబెట్టేసి మొరుగుతున్నాడు."

"ఇంతవరకూ పర్లేదు," అన్నాడు టోర్కెల్. టోర్కెల్ మా ఆయన. ఈ మామా అల్లుళ్ళకి ఒకరి మాటకి ఒకరు అడ్డం పడకపోతే తిన్నది అరగదు.

"పర్లేదేంట్రా, అసలు దుప్పిని చూశావా నువ్వు? ఈ కొమ్ము మీద కూచున్న కాకి ఆ కొమ్ము మీది కాకిని పలకరించాలంటే మధ్యలో ఒకచోట ఆగి సేద తీరాల్సిందే. అంత దుప్పి మా వాణ్ణి చూసి హడలి చచ్చి పరుగెత్తింది. వీడు వెనకాల. వాగు దాటారు, కొండ దాటారు, ఆ తర్వాత ఏమైందో తెలుసా? నార్వే వచ్చేసింది."

"నార్వే నడిచొచ్చిందా మామయ్యా?"

"వీళ్ళు పోయారో అది వచ్చిందో, ఎవడు చూశాడు? సరిహద్దు దగ్గర కాపలావాళ్ళు అడ్డం నిలబడ్డారు. కుక్కకి కాగితాలున్నాయా అన్నారట. వీడు ఒక్కసారి మొరిగాడు. వీడి మొరుగు మీకు తెలుసుగా. కుర్రకుక్కల్లాగా కంగారు కంగారుగా కాదు. లోపల్నించి, తీరిగ్గా, మొరుగుకీ మొరుగుకీ మధ్య ఊపిరి తీసుకుని. నేను చెట్టుకి ఆనుకుని నిలబడితే పాదాల్లోంచి తెలిసేది..."

ఆగిపోయాడు. కప్పులోకి చూసుకున్నాడు. టోర్కెల్ కుక్క స్పీరా భోజనానికి కూడా రాకుండా ఇంకా అడవిలోనే తిరుగుతోంది, దాని అలికిడి కోసమేమో అందరం ఒక్క క్షణం చెవులొగ్గాం. ఏమీ వినబడలేదు.

"కాపలావాళ్ళేమయ్యారు బాబాయ్?" అన్నాను.

"ఏమవుతారు? టోపీలు తీసి పక్కకి తప్పుకున్నారు. దుప్పి తిన్నగా పోయి సముద్రంలో దూకింది. వీడూ దూకాడు. ఎంత జోరుగా ఈదారంటే, ఆ రాపిడికి నీళ్ళు కాగిపోయి, చేపలు ఉడికి పైకి తేలాయి. ఒడ్డున ఉన్న నార్వే వాళ్ళు ఇళ్ళలోంచి పళ్ళేలు, బంగాళాదుంపలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఉప్పు వేసుకునే పని కూడా లేదు. ఆఖరికి దుప్పి వెనక్కి తిరిగి, బాబూ, నావల్ల కాదు, మీ అల్గోట్ ఎక్కడున్నాడో అక్కడికే తీసుకుపొమ్మంది. దాని చెవి పట్టుకుని, మళ్ళీ సముద్రం, మళ్ళీ కొండ, మళ్ళీ వాగు, పొద్దుగూకేలోగా మా వాకిట్లో నిలబెట్టాడు."

"మరి మాంసమేదీ? జట్టులో నా వాటా ఏదీ?" అన్నాడు టోర్కెల్.

"అంతదూరం ఈదిన దాన్ని ఏం చంపుతామురా, మీ పిన్నత్తగారు జాలిపడి వదిలెయ్యమంది. ఇదంతా విని బీమా అమ్మాయి బావురుమంది. వెళ్ళి వాళ్ళ పెద్దాయనకి చెప్పింది. ఆయన పరుగెత్తుకొచ్చి ఫోనందుకుని, అయ్యా, అలాంటి కుక్కకి మేం బీమా ఇచ్చేదేంటి, మా కంపెనీకే ఆయన చేత బీమా ఇప్పించండి అన్నాడు. నేను, వాణ్ణి అడిగి చెబుతానన్నాను. అంచేత ఇంక ఆ బీమా గీమా దండగ. కొట్టేయిస్తాను. వాడికి రోగమా, రొష్టా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కొట్టేయిస్తానన్న మాట ఆయన సరదాకి అన్నట్టు లేదు.

మా వేటకుక్కల మెడకి కట్టే పట్టీలో చిన్న యంత్రం ఉంటుంది. కుక్క ఎటు పోతే అటు జట్టులో అందరి ఫోన్లలోనూ ఒక చుక్క కదులుతుంది. చుక్క మీద నొక్కితే దాని దగ్గరి చప్పుడు కూడా వినబడుతుంది. నా ఫోన్ తీసి ఆయన మోకాలి మీద పెట్టాను.

"బాబాయ్, మంగళవారం పొద్దున్నించీ గ్రోబెన్ చుక్క నీ కారు దగ్గర్నించి కదల్లేదు. నిన్నా కదల్లేదు. ఇవాళా అంతే."

నొక్కాను. ఫోన్లోంచి గురక వచ్చింది. నిండుగా, హాయిగా, ముసలి గురక.

"నార్వే దాకా ఈదొచ్చాడు కదా, అలిసిపోయుంటాడు," అన్నాడు టోర్కెల్. మంట చుట్టూ అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

బాబాయి కూడా నవ్వబోయాడు గానీ, కుదర్లేదు.

"వేటకి దింపనప్పుడు పట్టీ ఎందుకు కడుతున్నావ్?" అన్నాను మెల్లగా.

"కట్టకపోతే ఊరుకోడే," అన్నాడు. "తుపాకీ తీసిన చప్పుడైతే చాలు, లేస్తాడు. వెనక కాళ్ళు రావు, ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వస్తాడు. వచ్చి పట్టీ కోసం మెడ ముందుకి పెట్టి నిలబడతాడు. కట్టి, ఎత్తుకుని కారెక్కిస్తాను. వేటకే వచ్చాననుకుంటాడు. వాడికి అది చాలు. నాకే చాలట్లేదు. ఒక్క పొద్దు, ఒక్కసారి వాడు అడవిలోంచి పిలిస్తే, వస్తున్నాన్రా అంటూ పోవాలని ఉందే, సీవ్."

అప్పుడే కొండ అవతల స్పీరా దుప్పిని పట్టినట్టుంది, మొరగడం మొదలుపెట్టింది. టోర్కెల్ తుపాకీ అందుకున్నాడు. అంతలో నా ఫోన్లో గురక ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మొరుగు. బొంగురుగా, తీరిగ్గా, మధ్యలో ఊపిరి తీసుకుని. ఫోన్లోంచీ వచ్చింది, చెట్ల వెనకాల కారు దగ్గర్నించీ వచ్చింది. టోర్కెల్ కదలకుండా నిలబడిపోయాడు. బాబాయి లేచాడు, తనకి తెలియకుండానే, కప్పు చేతిలోనే ఉంది.

"వేటకుక్కని రాయించెయ్ మామయ్యా," అన్నాడు టోర్కెల్. ఈసారి వేళాకోళం లేదు.

"తప్పు రాయిస్తే రేపు డాక్టరు దగ్గర చెల్లదు," అన్నాను. "కొట్టేయించినా అంతే బాబాయ్. వాడి కాళ్ళ నొప్పికి డాక్టరు ఖర్చు ఎవరిస్తారు?"

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. బాబాయి టోపీ తీసి, మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఆఁ, నేనే అమ్మా. లేదమ్మా, కొట్టేయొద్దు. ఇంటికుక్కని రాయండి. ఆఁ, ఇంటికుక్కే. డాక్టరు ఖర్చు మాత్రం ఉంచండి, వాడున్నన్నాళ్ళు. ఆఁ, ఇంక రాడు, వేటకి."

అవతల ఆ అమ్మాయి ఏదో అడిగింది. కారు దగ్గర మొరుగు ఆగలేదు.

"అదా, అది వాడేనమ్మా," అన్నాడు బాబాయి. "ఒక్క సాయం చెయ్యండి. ఈ సంగతి వాడికి తెలియనివ్వకండి."