కెమెరా ముందు పచ్చరసం

నవ్వమంటారా? ఇంకా ఎంత నవ్వమంటారు వదినా! దవడలు లాగేస్తున్నాయి. దానికి తోడు ఆ గుండ్రటి లైటొకటి, తెచ్చి సరిగ్గా కళ్లలోకి పెట్టారు. ఇంత వెలుగులో చూస్తే నా మొహంలో ఏం కనిపిస్తుందని? చర్మం, దాని కింద ఎముక. ఆ రెండే మిగిల్చారు.

ఆ గ్లాసు అక్కడ పెట్టండి. తాగను.

కోపం కాదండీ. నాకు గొంతు పెంచడం చేతకాదని ఈ ఇంట్లో అందరికీ తెలిసిందేగా. అందుకే కదా ఇన్నాళ్లూ తలా ఒకరు నా తరఫున మాట్లాడేశారు! మెల్లగానే చెబుతున్నాను. ఆ పచ్చరసం నేను తాగను. ఆకుకూర మీద నాకు పగేం లేదు, శుభ్రంగా వండుకుని తింటాను. పచ్చిది పిండి, పిప్పి పారేసి, ఆ నీళ్లే భోజనం అనుకోమంటే మాత్రం ఇక నా వల్ల కాదు.

ఆ గిన్నెలో ఉడికేవేమిటనా? గుడ్లు. అవును వదినా, కోడిగుడ్లే. అలా ముక్కు మూసుకోకండి, వీడియోలో బాగుండదు.

పొద్దున ఆసుపత్రికి వెళ్లొచ్చాను. మీకు చెప్పలేదు, నిజమే. చెబితే మీరూ వచ్చేవారు. వచ్చి డాక్టరుకి కూడా పాఠం చెప్పేవారు.

ఎముకల ఫోటో తీశారు. ఆపరేషనయింది, మందెక్కించడం అయింది, కరెంటు పెట్టడం అయింది. ఇప్పుడు రోజూ ఒక బిళ్ల మింగుతున్నాను చూడండి, అది జబ్బు మళ్లీ రాకుండా కాపలా కాస్తుంది. కాస్తుంది గానీ ఎముకని పలచన చేస్తుందట. అందుకే పాలు, పెరుగు, గుడ్లు, పప్పులు, చేపలు, పళ్లు, ఏది ఒంటికి పడితే అది సరిగ్గా తినమని, రోజూ నడవమని మొదట్లోనే చెప్పారు. చెప్పినప్పుడు నా పక్కన కూర్చుంది మీరే. తలూపారు కూడా. ఇంటికొచ్చి పాల ప్యాకెట్ మానిపించారు.

"పాలు మానమని ఎవరన్నారమ్మా?" అని అడిగాడు డాక్టరు. ఏం చెప్పను? మా వదిన అనాలా? ఆవిడేం చదివిందని అడిగితే? ఫోను చదివింది అనాలా? చివరికి అదే అన్నాను.

నవ్వు రాలేదా? ఆయనకీ రాలేదు. మెట్లు దిగేటప్పుడు చూసుకుని దిగమన్నాడు. పడితే ఈ ఎముక ఆగదన్నాడు.

తిండి సంగతి చెప్పే డైటీషియన్ ఉంది కదా, ఆ పిల్ల నన్ను తూకం మీద నిలబెట్టి, దింపి, మళ్లీ ఎక్కించి చూసింది. తర్వాత అంది, "ఒళ్లు పెరగడం మంచిది కాదన్నాను గానీ ఇలా కరిగిపోమని ఎప్పుడన్నానమ్మా? పంచదార తగ్గించుకుంటే మంచిదే, ఎవరికైనా. కానీ ఒక చెంచా తింటే జబ్బు తిరిగొస్తుందని మేం ఎవరికీ చెప్పం." అమాయకురాలు. పాపం ఆ పిల్ల వెనక మీకున్నంత మంది అభిమానులు లేరు, ఏం చేస్తుంది!

అయ్యో, మీరంతా చేసిన త్యాగం మర్చిపోతానా వదినా? "ఆమె ఒక్కతే చప్పిడి తింటే మనసు కష్టపడుతుంది, అందరం తిందాం" అని తీర్మానించింది మీరేగా. ఎంత గొప్ప మనసు! మీ తమ్ముడు నా ఎదురుగా రెండు ఉడికిన క్యారెట్ ముక్కలు నోట్లో వేసుకుని, "ఆహా, ఒళ్లెంత తేలిగ్గా ఉందో" అంటూ, అటునుంచి అటే బేకరీకి నడిచేవారు. ఆయన చొక్కాలు ఉతికేది ఎవరు? జేబుల నిండా కేకు పొడి. మీ హ్యాండుబ్యాగు మాట నేనెత్తను. జిప్పు ఊడింది, కుట్టిపెట్టమని మీరే ఇచ్చారు. చాక్లెట్ కాగితాలు అంత పొందిగ్గా మడతపెట్టి అడుగున దాచుకోవడం దేనికండీ, పారేస్తే పోయేదిగా!

ఈ ఇంట్లో ఆకలితో పడుకుంది నేనొక్కదాన్నే. జబ్బూ నాదే, పథ్యమూ నాదే. పుణ్యం మాత్రం తలా కాస్త పంచుకున్నారు.

లైటు కొంచెం అటు తిప్పండి. ఆ, అలా.

పోయిన వీడియోలో మీ చిన్న మేనత్త గురించి చెప్పారు కదూ? విన్నాను. "మా అత్తకీ ఇదే జబ్బు, తీపి మానలేక ప్రాణం మీదికి తెచ్చుకుంది" అన్నారు. కళ్లు కూడా తుడుచుకున్నారు. బాగా కుదిరింది.

వదినా, ఈ ఇంటి సంగతులు నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఎవరు ఏ వానలో పుట్టారో, ఎవరు ఏ మాట అంటూ కళ్లు మూశారో అన్నీ నా దగ్గరే ఉన్నాయి. రోజూ దేవుడి ముందు కూర్చుని పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటాను. మీ మేనత్త పేరు కూడా. నేను అప్పుడు కొత్త కోడల్ని. ఆవిడ కంచం కడిగింది నేను. ఈ ఇంట్లో అంత నియమంగా తిన్న మనిషి లేదు. బయట మెతుకు ముట్టలేదు. తీపి నాలిక్కి తగలనిచ్చేది కాదు. అయినా వచ్చింది.

చివర్లో, మంచినీళ్లు కూడా దిగని స్థితిలో, ఒక్క తీపి ముక్క అడిగింది. చంటిపిల్లలా చెయ్యి చాపి అడిగింది. మీరూ మీ అమ్మగారూ గుమ్మంలో నిలబడి, "వద్దొద్దు, జబ్బు పెరుగుతుంది" అన్నారు. ఇంకేం పెరగాలండీ? మర్నాటికి మనిషే లేదు.

పోయాక మీకు భయం పట్టుకుంది. ఏ తప్పూ లేని మనిషికి వచ్చిందంటే మీకూ రావచ్చుగా మరి! అందుకని ఆవిడ మీద ఒక తప్పు మోపారు. చాటుగా తీపి తినేదన్నారు. అప్పటికి గానీ మీ ప్రాణాలు కుదుటపడలేదు. ఇప్పుడు నన్ను చూసి అదే అడుగుతున్నారు చుట్టాలంతా. ఏం తిన్నావు, ఎలా తెచ్చుకున్నావు అని. కూరగాయలా, బజారుకెళ్లి ఏరి తెచ్చుకోవడానికి?

అదేం, కెమెరా ఆపేశారు? ఎర్ర చుక్క పోయింది. ఉండనివ్వండి, అసలు మాట ఇంకా రానేలేదు.

పొద్దున ఆసుపత్రి వరండాలో ఒకావిడ నన్ను చూసి లేచి నిలబడింది. నేనెప్పుడూ చూడలేదు ఆవిణ్ణి. గబగబా వచ్చి నా రెండు చేతులూ పట్టేసుకుంది. "మీరే కదమ్మా, పచ్చరసం తాగి బాగయింది!" అంది.

గుర్తొచ్చిందా? నేను ఆ గ్లాసు పట్టుకుని తాగుతుంటే మీరు ఫోనుతో తీశారు. "చుట్టాలకి పంపుతాను, కోలుకున్నావని సంతోషిస్తారు" అన్నారు. చుట్టాలకి! ఎంత పెద్ద చుట్టరికం వదినా మీది, ఊరూరా ఉన్నారే! దాని కింద మీరు రాసింది ఆవిడే నాకు చదివి వినిపించింది. 'కత్తి లేకుండా, మందు లేకుండా' అట. మరి నా రొమ్ము మీద ఈ కోత ఎవరు పెట్టారండీ? ఎలకలు కొరికాయా?

ఆవిడ దర్జీ. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే కనిపెట్టారట. ఆపరేషనుకి రోజు కూడా ఇచ్చారట. వెళ్లలేదు. మీ వీడియో చూసింది కదా! మీ రసమే తాగింది, మీరు పోస్టులో పంపే ఆ పొడే మింగింది. గడ్డ ఊరుకుంటుందా? చర్మం దాకా వచ్చేసింది.

ఇంకా చెయ్యి దాటలేదు, రేపే కోస్తామంటున్నారు డాక్టర్లు. ఆవిడ ఒప్పుకోదు. కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుందని ఎవరో చెప్పారట. ఎవరో కాదు లెండి, మీరే.

నేను చెప్పాను. నన్నూ కోశారమ్మా, నేను బతికింది దానివల్లే, ఇలా పుల్లలా అయింది ఆ రసం వల్ల అని చెప్పాను. వినలేదు. బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్లి కోత చూపించాను.

సిగ్గా? సిగ్గెందుకు వదినా, సిగ్గుపడాల్సింది నేనా!

చూసింది. వేలితో తడిమి కూడా చూసింది, కుట్టుపని తెలిసిన మనిషి కదా. చూసి ఏమందో తెలుసా? "రసం తాగబట్టే ఇంత నున్నగా మానిందేమోనమ్మా" అంది.

చూశారా మీ ప్రతిభ! నా ఒళ్లు సాక్ష్యం చెబితే చెల్లలేదు. మీ నోరు చెబితేనే చెల్లుతుందట. "ఆవిడ నా మొహం మీద, తన నోటితో వెళ్లమంటే రేపు వెళ్తాను" అంది.

అందుకే వీడియోకి సరేనన్నాను. లేకపోతే నేనేమిటి, ఈ లైట్లేమిటి! మీరు మాత్రం ఎగిరి గంతేసి వచ్చారు.

రెండు ముక్కలు చెప్పండి చాలు. నేను చెప్పింది తప్పు, ఆపరేషనుకి వెళ్లమ్మా అని. మీ అభిమానులకి కాదు. ఆవిడ ఒక్కదానికి.

మంచి మనసుతో చెప్పానంటారా? ఉంటుంది లెండి మంచి మనసు. ఎవరు లేదన్నారు? పోయిన నెల పన్ను పుచ్చితే ఆ మంచి మనసు రసం పుక్కిలించి ఊరుకోలేదే! ఆటో ఎక్కి డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

మీ మీద నమ్మకం పోతుందా? పోతుంది. ఇటు ఆవిడ ప్రాణం, అటు మీ నమ్మకం. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని అలా ఆలోచిస్తూ నిలబడ్డారు చూడండి! ఇన్నేళ్లుగా మిమ్మల్ని పెద్దవారని, మా వదినగారని పిలిచాను. ఎవరిని పిలిచానో ఇప్పుడు తెలిసింది.

దేవుడి పేరు తియ్యకండి. నేను రోజూ ఆయనతో మాట్లాడేదాన్ని. మీరు పంపే పొడి సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

ఉండండి, గుడ్డు ఒలుచుకుంటాను. వేడి ఉండగా తినాలి. ఉప్పు ఏ అల్మారాలో పెట్టి తాళం వేశారు? పోనీ, వద్దులే. చప్పగానే బాగుంది. అబ్బ, ఎన్నాళ్లయిందో! చూడకండలా, దిష్టి తగులుతుంది.

అదిగో, తలుపు.

ఆవిడే. భోజనానికి నేనే రమ్మన్నాను. పప్పు వండాను, ఆకుకూర వేయించాను, పెరుగుంది. రేపు వెళ్లాలంటే ఒంట్లో కాస్త శక్తి ఉండాలి కదా. మీకు వండలేదు. మా తిండి మీకు పడదుగా.

లైటెందుకు విప్పుతున్నారు? అరెరె, ఆ తీగ తెగుతుంది. పనుందా? ఇప్పుడే గుర్తొచ్చిందా?

వదినా, అది వెనక గుమ్మం.

వెళ్తే వెళ్లండి, గొళ్లెం తీసే ఉంది. మిమ్మల్ని పట్టి ఆపేంత బలం ఈ ఎముకలకి మీరెక్కడ ఉంచారు? కానీ మీ చెప్పులు ముందు గుమ్మం దగ్గరున్నాయి. ఆవిడ వాటి పక్కనే నిలబడి ఉంటుంది.

వస్తున్నానమ్మా! ఇదిగో, ఒక్క నిమిషం... ఆవిడా? పెరటి దారిన బయల్దేరిందమ్మా. రా, నువ్వు ముందు లోపలికి రా, అన్నం తిందువుగాని. తర్వాత ఇద్దరం కలిసి వెళ్లి పట్టుకుందాం. చెప్పుల్లేకుండా ఎంత దూరం పోతుందిలే.