తాళం తీసినా ఆగని జీపు

కత్తులోళ్ళ సోమిరెడ్డి పండుదొర జీపు కొన్నాడంట. పండుదొరెవరంటే, పదేళ్ళు ఆ జీపుని మా ఎర్రరాయి ఘాటీ మీద తోలినోడు, ఒక్కరికి గీత పడనివ్వలేదు. ఆ మనిషి ఒక సంత రోజున సంతలోనే, జనం ఎక్కేదాకా కాస్త కునుకు తీద్దామని స్టీరింగు మీద తలానించి కూకున్నాడంట, ఇంక లేవలేదు. జనం ఎక్కేశారు, మేకల్నీ ఎక్కించేశారు, పోనీ దొరా పోనీ అని ఎనకనించి రేకు మీద కొడతన్నారు, ఆయనేమో ఎప్పుడో పోయున్నాడు. అలాంటి జీపు అది. పిల్లల్లేరు వాళ్ళకి. పెళ్ళాం చిన్నాలమ్మ ఒక్కత్తీ ఏం తోలుద్ది, సోమిరెడ్డికి ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు ఒకే ఒక్క మాట అడిగిందంట, మరిదీ, సంతకెళ్ళే రోజు నన్ను ముందు సీట్లో కూకోబెట్టుకో, అంతే, అని. దానికేం వదినా అన్నాడు ఈడు. అన్నాడా, ఆమె ప్రతి సంతకీ చింతపండు గంపెత్తుకుని వచ్చేది, వచ్చి ముందుగా బానెట్ మీద చెయ్యేసి, ఏం మావా, బాగున్నావా, అని పలకరించి అప్పుడు ఎక్కేది. సోమిరెడ్డికి సిగ్గేసేది. సిగ్గే అనుకో, ఇంకా భయం దాకా రాలేదు.

సోమిరెడ్డి మంచోడే. కాకపోతే షోకులెక్కువ. ఒకసారి కింద టౌనుకెళ్ళి ఏం చేశాడంటే, జీపుకి కంపెనీవాడు పెట్టిన గాలి ఫిల్టరు డబ్బా ఉంటాది కదా, దాన్ని ఊడబెరికించేసి, ఎవరో బయటోళ్ళు చేసిన ఎర్ర ఫిల్టరు పెట్టించుకొచ్చాడు. ఎర్రగా, మిలమిలా, చుట్టూ జల్లెడతో, బోర్లించిన చిన్న బుట్టలాగుండేది. అది పెట్టాక జీపు గాలి పీలిస్తే ఊరంతా వినపడేది. పిల్లలు ఎనకాల పరిగెట్టేవోళ్ళు. ఈడు బానెట్ ఎత్తి అందరికీ చూపించడమూ, పైపంచెతో తుడవడమూ. సంతలో మస్తాను అని మెకానిక్కున్నాడు, పండుదొర కాలంనించీ ఆ జీపుకి చెయ్యేసినోడు. ఆయన చూసి, ఇదెందుకురా సోమీ, బండి పుట్టినప్పుడున్న ముక్కు కోసేసి తెచ్చిన ముక్కు అతికిస్తావా, నన్నడిగితే వద్దనేవోణ్ణి కదా, అన్నాడంట. అందుకే అడగలేదన్నా, అని నవ్వేశాడు ఈడు. అదీ ఆడి వాటం.

ఏమైందంటే, ఫిల్టరు పెట్టిన పది రోజులకి ఘాటీలో ఆయిల్ సీలు పోయింది. సీలంటే తెలుసా మీకు? నల్లటి రబ్బరు గాజు. ఇంజనులో ఇరుసు తిరుగుతా ఉంటే దాన్ని కరుచుకుని కూకుంటాది, నూనెని బయటికి రానివ్వదు. అది పోతే నూనె పోద్ది, నూనె పోతే ఇంజను పోద్ది, ఘాటీలో ఇంజను పోతే మనమూ పోతాం. సరే, ముందు సీలు పోయింది, మస్తాను కొత్తది కొట్టాడు. వారం తిరక్కుండా ఎనక సీలు పోయింది. అది మార్చాలంటే గేరుబాక్సు దించాలి, రెండ్రోజుల పని, మస్తాను ఈపు వంగిపోయింది. మార్చాడు. మళ్ళీ ముందుది పోయింది. మస్తాను ఆ ఊడిన సీలుని ఎండలో పెట్టి ఇటు తిప్పి అటు తిప్పి చూశాడంట. చిరగలేదు, అరగలేదు, కొత్త గాజులాగే ఉంది. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదురా, ఎవరో లోపల కూకుని తోసినట్టుంది, అన్నాడు. ఆయన పనోడి మాటగా అన్నాడు పాపం. కానీ సోమిరెడ్డి గుండెల్లో అది దిగిపోయింది. లోపల కూకునేదెవరు? ఆ జీపులో కూకుని లేవకుండా పోయినోడు ఒక్కడే కదా.

అప్పణ్ణించి ఆడికి భయం పట్టుకుంది. ఒక పొద్దున, ఇంజను నడస్తా ఉండగా బానెట్ ఎత్తి చూస్తన్నాడంట. నూనె ఎంతుందో చూసే ఇనప పుల్ల ఒకటుంటాది, గొట్టంలో దిగ్గొట్టి ఉంటాది. అది ఎవరూ ముట్టుకోకుండా, దానంతటదే, మెల్లిగా పైకి లేచింది. జానెడు లేచింది. లోపల్నించి బుస్సుమని ఊపిరొదిలినట్టయింది, మొహం మీద ఎచ్చగా తగిలింది. ఈడు ఎనక్కి పడ్డాడు. పడి, చేతులు జోడించి, అన్నా, పండన్నా, నేనేం చేశానన్నా నీకు, అన్నాడంట. పట్టపగలు, ఊరి నడిబొడ్డున. నీళ్ళకెళ్ళే ఆడోళ్ళు నిలబడి చూశారు. ఇంకేముంది, మధ్యాహ్నానికి ఊరంతా పాకింది, పండుదొర జీపొదల్లేదంట, సీళ్ళు తోసేస్తన్నాడంట, ఒకరోజు అందర్నీ లోయలోకి తోస్తాడంట, అని.

అనుకున్నోళ్ళు ఊరుకుంటారా? చిన్నాలమ్మ మీద పడ్డారు. ఇది బానెట్ మీద చెయ్యేసి పిలవబట్టే ఆయన పోవట్లేదు అన్నారు. ఆమె పక్కన కూకోవడం మానేశారు. పొయ్యిలోకి నిప్పడిగితే లేదనేవోళ్ళు. నేనూ లేదన్నాను, అబద్ధం ఎందుకు, నేనూ అన్నాను. సోమిరెడ్డి ఆమె ఇంటికెళ్ళి గుమ్మంలో నిలబడి, వదినా, నువ్వు చెబితే వింటాడు, అన్నని పొమ్మను, నాకు రాత్రి పగలు నిద్దర లేదు, జనాన్నెక్కించుకుని దిగేటప్పుడు నా కాలు ఆయన తొక్కుతున్నట్టుంది, అన్నాడంట. మరి ఆమె ఏడుస్తాది అనుకున్నాడు. ఆమె ఏడవలేదు. ఆమె మొహం ఎలిగిపోయిందంట. నిజంగానే ఉన్నాడా మరిదీ, నువ్వు కళ్ళారా చూశావా, ఊపిరొదిలాడా, ఎచ్చగా ఉందా, అని అడిగిందంట. అడిగి, లోపలికెళ్ళి ఆయన తాగే పొగాకు చుట్ట ఒకటి తెచ్చి బానెట్ మీద పెట్టింది. పెట్టి, మావా, ఈళ్ళు భయపడతన్నారు, అల్లరి చెయ్యకు, అంది. పొమ్మని మాత్రం అనలేదు. సోమిరెడ్డి గమనించాడది. ఇంకా భయమేసింది.

మస్తాన్ని సంతనించి కొండ మీదకి తీసుకొచ్చాడు. ఊళ్ళోనే జీపు పెట్టి నాలుగో సీలు కొట్టించాడు. మస్తాను అడిగాడంట, నిజం చెప్పరా సోమీ, ఆ ఫిల్టరు కాక ఇంకేమైనా కదిపావా, అని. నీ మీదొట్టన్నా, ఏమీ కదపలేదు, అన్నాడు. ఒట్టే ఏశాడు. ఆడి మనసులో నిజంగానే ఏమీ లేదు. సరే, రేపు సంత, నేనూ నీతో దిగుతాను, పండుదొర నాకూ తెలిసినోడే, ఏం చేస్తాడో చూద్దాం, అన్నాడు మస్తాను.

తెల్లారింది. సోమిరెడ్డి లేస్తానే జీపు కింద దూరి చూశాడంట. నేల పొడిగా ఉంది. స్టార్టు చేసి, అటూ ఇటూ తోలి, మళ్ళీ చూశాడు. ఒక్క చుక్క లేదు. ఎన్నాళ్ళకో నవ్వాడు ఆడు. కారట్లేదన్నా, చుట్ట పనిచేసింది, అని మస్తానుతో అన్నాడు. మీకిప్పుడే చెబుతున్నాను, ఆ నేల పొడిగా ఉండటమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. కానీ ఆడికేం తెలుసు. జనాన్నెక్కించాడు, పద్నాలుగు మందిమి. ముందు సీట్లో చిన్నాలమ్మ, పక్కన మస్తాను. నేను ఎనకాల, కోళ్ళ గంప ఒళ్ళో పెట్టుకుని. మొదటి రెండు మలుపులు బాగానే దిగాం. మూడోది, రాయి పక్కది, ఉంది చూడండి, ఎడమ పక్కన ఏమీ ఉండదు, కింద చెట్ల తలలే కనపడతాయి. అక్కడ ఇంజను గొంతు మారింది.

సోమిరెడ్డి ఎక్సలేటర్ మీంచి కాలు తీసేశాడు. చప్పుడు తగ్గాలి కదా? పెరిగింది. ఎవరో తొక్కుతున్నట్టు పెరిగింది. ఈడు కాలికేసి చూసుకున్నాడంట, తన కాలు అక్కడ లేదు. క్లచ్చి తొక్కాడు, ఇంక చూడు, కట్టు తెంచుకున్నట్టు అరిచింది. ఎనకాల తెల్లటి పొగ, రోడ్డు కనపడదు, మేం కనపడం ఒకళ్ళకొకళ్ళం. గేరు తీసేసి, రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి నిలబడిపోయినంత పని చేశాడు, జీపాగింది. ఇంజను ఆగలేదు. తాళం తిప్పాడు. ఆగలేదు. తాళం పీకేశాడు. తాళం చేతిలో ఉంది, ఇంజను అరుస్తా ఉంది. ఆ తాళాన్నే చూస్తా కూకున్నాడంట ఆడు. పండన్నా, పండన్నా, అంటన్నాడు. మేమంతా దూకేశాం. దూకి చక్రాల కింద రాళ్ళేశాం. ఏసి కొండవైపు పరిగెత్తాం. సోమిరెడ్డి దిగలేదు. హ్యాండు బ్రేకు ఎప్పుడో చచ్చింది దానికి, కాలు తీస్తే రాళ్ళు ఆపుతాయో లేదో. చిన్నాలమ్మా దిగలేదు. ముందున్న రేకు మీద రెండు చేతులూ పెట్టి, మావా, ఆగు మావా, నన్ను తీసుకెళ్తే తీసుకెళ్ళు, ఈ పిల్లోడికి సంసారముంది, ఈణ్ణొదులు, అంటంది. అది విన్నాడు సోమిరెడ్డి. పక్క మనిషి తన కోసం బతిమాలుతుంటే విన్నాడు.

మస్తాను బానెట్ ఎత్తాడు. ఎత్తి అరిచాడు, ఇది డీజిలు మీద నడవట్లేదురా, నూనె తాగుతుంది, లోపలికే తాగుతుంది, తాళం తీస్తే ఏమాగుద్ది, గాలి మూయాలి, గాలి, అని. తలపాగా తీసి ఆ ఎర్ర ఫిల్టరుకి చుట్టాడు. పల్చటి గుడ్డ, అందులోంచే గాలి లాగేస్తంది. చేత్తో మూశాడు, చుట్టూ జల్లెడాయె, రెండు చేతులు ఎక్కడ చాలుతాయి? ఇంజను ఒళ్ళంతా వణుకుతుంది, ఇంకో నిమిషంలో పగిలి మొహాన కొడతాది. ఏదన్నా ఇవ్వండి, మెత్తగా అతుక్కునేది ఏదన్నా, అని కేకేశాడు. మేం కదిలితే ఒట్టు. చిన్నాలమ్మ దిగింది. గంప దించి, ఇంటి దగ్గరే గింజ తీసి దంచి ముద్దలు చేసిన కొత్త చింతపండు, ఆ ముద్దలు తీసి ఫిల్టరు మీద కొట్టింది. ఇద్దరూ కలిసి పిడకలు కొట్టినట్టు కొట్టారు. ఒక పక్క మూస్తే ఇంకో పక్క పీలుస్తంది. ఆమె మోచేతుల దాకా చింతపండు, పొగలో దగ్గుతా, కళ్ళు మూసుకుని కొడతంది. గంపెడూ అయిపోయింది. అప్పుడు ఇంజను గుక్క తిప్పుకోలేనట్టు రెండుసార్లు కొట్టుకుని, ఒకసారి జీపంతా ఊగి, ఆగిపోయింది.

చిన్నాలమ్మ తన చేతుల్ని చూసుకుని, నా చేతుల్తో నేనే ఆయన ఊపిరాపేశాను, అంది. మెల్లిగా అంది.

మస్తాను మాత్రం ఇంజనులో తల దూర్చి తడుముతున్నాడు. తడిమి తడిమి, ఇదేంట్రా, అన్నాడు. పక్కన ఒక రబ్బరు గొట్టం, దాని మూతిలో ఏలంత కర్ర బిరడా, గట్టిగా దిగ్గొట్టి ఉంది. పీకాడు. బుస్సుమని గాలొచ్చింది, ఆయన మొహం మీదకి నూనె చిమ్మింది. ఇదెవడు కొట్టాడు, అన్నాడు. సోమిరెడ్డి, నేనేనన్నా, కొత్త ఫిల్టరు మీద దాంట్లోంచి నూనె తుంపర పడతంటే కారకుండా ఓ పుల్ల చెక్కి కొట్టాను, కారేదాన్ని మూయడం కూడా కదపడమేనా, అన్నాడు. మస్తాను ఆణ్ణి కొడతాడేమో అనుకున్నాం. కొట్టలేదు. ఇది ఇంజను ఊపిరొదిలే దారిరా, పాత డబ్బాలోకి పోయేది. నువ్వు మూసేశావు. లోపల గాలి ఉబ్బి ఎటు వీలైతే అటు సీలు తోసింది. నూనె చూసే పుల్లని లేపింది కూడా అదే. నిన్నటితో అన్నిటికీ కొత్త సీళ్ళేశాం కదా, ఇంక బయటికి దారి లేక గాలి తోసే టర్బో చక్రం లోపలి సీలు తోసేసి, నూనెని నేరుగా ఇంజను నోట్లో పోసింది. అందుకే నేల మీద చుక్క పడలేదు. ఇంతే. దీంట్లో ఎవరూ లేరు, అన్నాడు.

మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఎవరో నవ్వారు కూడా. చిన్నాలమ్మ మస్తాను దగ్గరకెళ్ళి, ఆ బిరడా చేతిలోకి తీసుకుని చూసి, అయితే మా మావ లేడా మస్తానూ ఇందులో, అని అడిగింది. మస్తాను తల దించుకున్నాడు. లేడక్కా, అన్నాడు. మొదటినించీ లేడా, అంది. సోమిరెడ్డి ఆమె కాళ్ళ మీద పడబోయాడు. ఆమె పక్కకి జరిగి, రోడ్డు మీద కూకుని, ఆ రోజు ఏడ్చింది. మొగుడు పోయిన రోజు అంతలా ఏడవలేదు, నేను పక్కనే ఉన్నాను కదా రెండుసార్లూ.

జీపు బాగయింది. పాత డబ్బా మళ్ళీ పెట్టించాడు, ఇప్పటికీ తిరుగుతానే ఉంది, మీరొచ్చింది దాంట్లోనే బాబూ, ఆ రాసుకునే నీకే చెబుతున్నాను. ఆమెకి నిప్పిస్తాం, నీళ్ళిస్తాం, పక్కన కూకుంటాం, అన్నీ చేస్తున్నాం. సంత రోజున సోమిరెడ్డి ముందు సీటు ఖాళీ ఉంచి, ఆమె గుమ్మం ముందు ఆపి హారను కొడతాడు. ఎక్కు వదినా, అంటాడు. ఆమె గంప నెత్తినెత్తుకుని, ఎవరున్నారని ఎక్కమంటావు మరిదీ, అని నడిచెళ్ళిపోద్ది. ఆడు అలాగే కాసేపు ఆపి ఉంచుతాడు, ఎనకాల మేము పోనీ పోనీ అని గోల చేస్తాం, మాకు సంత పొద్దెక్కిపోద్ది కదా.