ముందు బెంచీ హుసార్

ఆ పెట్టెలో కోటా? దులపకే ఇల్కా, తుమ్ములొస్తాయి. మా మామగారు బాలింట్‌ది. యుద్ధమా? అబ్బే, గుర్రమెక్కితే ఆయనకి కళ్లు తిరిగేవి పాపం. హుసార్, అదే రాజుగారి గుర్రపు రౌతు, ఆయన ముత్తాత. ఆ పేరు చెప్పుకుని నాలుగు తరాలు తిని కూర్చున్నాం... కూర్చున్నారు అనాలి, చేసింది మేం ఆడవాళ్లం. ఆదివారం వస్తే మీసానికి మైనం రాసుకుని, ఆ కోటు ఒంటి భుజానికి వేలాడేసుకుని, చర్చిలో ముందు బెంచీలో కూర్చునేవాడు. మనకి ఎవరి బెంచీ వాళ్లదే కదా, మగవాడి బెంచీని బట్టే అటువైపు వాళ్లావిడ బెంచీ. దారినపోయే పిల్లల్ని ఆపి మరీ అడిగేవాడు, "మన భాషలో హూస్ అంటే ఎంత?" అని. "ఇరవై, తాతా." "మరి హుసార్ అంటే? రాజుగారు ఇరవై ఇళ్లకి ఒక్క రౌతునిమ్మన్నాడురా. ఇరవైలో ఒక్కడు! మా ఇల్లు!"

ఏం చెబుతున్నాను? ఆ, కొత్త మేష్టారు. తూరి అని, పొడుగ్గా ఉండేవాడు, ఎప్పుడూ జలుబే. వచ్చిన నెలకే సారాకొట్లో అన్నాడు, "హుసార్ అంటే ఇరవైలో ఒకడని కాదండీ, కొందరు పండితులు వేరేగా చెబుతున్నారు. అది మన మాటే కాదు, కింద దక్షిణాన ఉండే సెర్బుల మాటట. దారిదోపిడీగాడని అర్థమట." ఇంకేముంది, ఆ బెంచీ మీద ఎప్పట్నుంచో కన్నేసిన పిండిమిల్లాయన సంఘపెద్దల్ని కూర్చోబెట్టాడు. "దొంగల సంతానానికి ముందు బెంచీయా?" ఆడా మగా అందరం వెళ్లాం. మామగారు కోటు వేసుకునే వచ్చాడు. "ఇరవైలో ఒక్కడు," మళ్లీ అదే మాట. చివరికి మా అత్తగారి వైపు తిరిగి, "శారా, నువ్వైనా చెప్పవే!" అన్నాడు.

మా అత్తగారు నలభై ఏళ్లలో నలుగురి మధ్య నోరెత్తిన మనిషి కాదు. లేచింది. చేతులకి పిండి అలాగే ఉంది. "ఈయనా, మేష్టారూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు," అంది. "ఇరవై ఇళ్లవాళ్లూ కలిసి ఒకణ్ణి పంపాలంటే, అయ్యా, దున్నేవాణ్ణి పంపుతారా? మీరైతే పంపుతారా? ఊళ్లో కోళ్లెత్తుకుపోయేవాణ్ణి పంపారు. పీడ విరగడైందని గుర్రం కూడా వాళ్లే కొనిచ్చారు. మా అత్తగారు నాకు చెప్పింది."

ఆ నవ్వులు చూడాలి! పాస్టరుగారైతే రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మరుసటి ఆదివారం మామగారు కోటు లేకుండా వచ్చి తలుపు పక్క బెంచీలో కూర్చున్నాడు. మిల్లాయన వెళ్లి ముందు సర్దుకున్నాడు. వాళ్లావిడ కూడా ఆడవాళ్ల వైపు ముందుకొచ్చింది. మా అత్తగారు అక్కడే ఉంది, కదల్లేదు. "లేవమ్మా, ఇక మాది" అంటే, పాటల పుస్తకంలోంచి తలెత్తకుండా అంది, "కోళ్లెత్తుకుపోయింది మా ఆయన ముత్తాత. మా ఆయన వెనక్కెళ్లాడుగా. నలభై ఏళ్లు పొలం చేసింది నేను."

చచ్చేదాకా ఆ బెంచీ దిగలేదు. ఇప్పుడు అక్కడ నేను...

ఆ కోటు ఇటు తే. కోళ్లగూట్లో పరుద్దాం, చలికి గుడ్లు పెట్టడం మానేశాయి.