తియమ్-లై వదిలేసిన బంతి

కూచో తల్లీ. ఏంటీ, ఇవాళ బేస్‌బాల్ ఆటలో బంతి నీ మొహం మీదికే వచ్చిందా? మధ్యలో వల కట్టారు కాబట్టి నవ్వుతున్నావు. మా చక్కెర ఫ్యాక్టరీ మైదానంలో అప్పట్లో వలా గిలా ఏమీ లేవు. గీత పక్కనే చాపలేసుకుని చెరకు నములుతూ కూచునేవాళ్ళం. తియమ్-లై అని ఉండేవాడు, నా ఈడువాడే, ఇద్దరం ఒకే బాయిలర్ దగ్గర పని. ఆ బాయిలర్ వేడి నీకేం తెలుసు, కనుబొమ్మలు కాలిపోయేవి... సరే, వాడి సంగతి కదూ. వాడు బంతిని దూరం కొట్టేవాడు కాదు. వాడి గొప్పంతా ఫౌల్లోనే, అదే, బంతిని గీత బయటికి కొట్టడంలోనే. మంచి బంతిని మూడుసార్లు తప్పినా వదిలేసినా మూడు స్ట్రైకులు, అవుట్. కానీ ఆఖరి స్ట్రైక్ మీద ఉన్నప్పుడు బ్యాటుకి తగిలిన బంతి గీత బయటికి పోతే అవుట్ కాదుగా, ఇంకోటి వెయ్యాల్సిందే. వీడు నచ్చని బంతినల్లా అలా తాకించి బయటికి తోసేసేవాడు, వేసేవాడి భుజం పీకేదాకా. అవతలి జట్టు వాళ్ళు, "ఒరే జిడ్డూ, కొట్టనన్నా కొట్టు, అవుటన్నా అవ్వు, మేం ఊరెళ్ళాల్సిన చెరకు బండి వెళ్ళిపోతోంది!" అని గోల. వీడు టోపీ తీసి దణ్ణం పెట్టేవాడు. మళ్ళీ ఫౌల్.

గోనెసంచులు కుట్టే షెడ్డులో సియు-హా అనే పిల్ల పనిచేసేది. వాడికి ఆ పిల్లంటే ప్రాణం, ఊరంతటికీ తెలుసు. ఆ రోజు ఆ పిల్ల చాప మీద కూచుని, ఉప్పు జల్లిన జామముక్కలు పక్కావిడకి అందిస్తోంది. తల తిప్పింది, అంతే. వీడి ఫౌలు వచ్చి తగిలింది. ఆ పిల్ల ఎడమ కన్ను పోయింది. వీడు రోజూ చేపల చారు పట్టుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడేవాడు. వాళ్ళమ్మ మొదట్లో తలుపు తీసేది కాదు, తర్వాత తీసింది.

ఫైనల్ రోజున కంటికి కట్టుతోనే వచ్చింది సియు-హా. మళ్ళీ అదే చోట కూచుంది! "తొయ్యి, తియమ్-లై, బయటికి తొయ్యి!" అని అరుస్తోంది. వాడు ఆఖరి స్ట్రైక్ మీద ఉన్నాడు, బంతి వచ్చింది. వాడు నిద్రలో కూడా తోసెయ్యగలడు అలాంటిదాన్ని. బ్యాటు భుజం మీంచి దిగలేదు. అవుట్. ఓడిపోయాం. జనం తిట్టుకుంటూ లేస్తుంటే ఆ పిల్ల మైదానంలోకి నడిచొచ్చి, వాడి ముందు నిలబడింది.

"నువ్వు ఆడుతుంటే, ఏదో ఆటలో తగిలిందిలే అనుకుని బతికేదాన్ని. నువ్వు మానేస్తే అది నీ పాపమైపోతుంది. రోజూ నన్ను చూసి తల దించుకునే మనిషితో నేనెలా ఉండను?" అంది.

వాడు అప్పుడు కూడా తల దించుకునే ఉన్నాడు. నేను పక్కనే ఉన్నా, మోచేత్తో పొడిచా కూడా, "మాట్లాడరా" అని. ఊహూఁ. మళ్ళీ బ్యాటు పట్టలేదు. ఆ పిల్ల తర్వాత రైల్వే ఆయన్ని చేసుకుంది. బాగానే ఉన్నారు, పిల్లలూ వాళ్ళూ. వీడు ఒంటరిగానే పోయాడు, ఊపిరితిత్తుల జబ్బుతో.

అంత్యక్రియలకి వచ్చిందావిడ, నల్లద్దాలు పెట్టుకుని. అగరొత్తులు వెలిగించి నా పక్కన కూచుంది. "మా పెళ్ళికి అమ్మ ఒప్పుకుందన్నయ్యా. ఆట అయ్యాక ఆ మాట తనకి చెబుదామనే వచ్చాను ఆ ఫైనల్ రోజు" అంది.

వాడికి ఆ సంగతి...

మబ్బు పట్టింది చూడు. లే, దండెం మీద బట్టలు తీసుకురా.