అల వచ్చే వైపు

బొమ్మల దుకాణం వెనక గది. తలుపుకి లోపల గడియ. లోపల బొమ్మలు వేసే ఆడపడుచు, బయట దుకాణం నడిపే వదిన.

“తియ్యనంటే తియ్యను వదినా. పని మధ్యలో ఉన్నాను.”

“మధ్యలో ఉన్నావో చివర్లో ఉన్నావో నాకు తెలీదు. ఆయన ముందు గదిలో కూర్చుని రెండో టీ తాగుతున్నాడు. మూడోది పోశానంటే మన లాభంలోంచే పోయాలి.”

“బిస్కెట్లు కూడా పెట్టు.”

“పెట్టాను. నమిలేశాడు. ఇప్పుడు నీ మాట కావాలి. కొత్త హోటలు, గది గదికీ ఒక జపాను అల. చేత్తో వేసిన నకలే కావాలంటున్నాడు. ఇలాంటి బేరం మళ్ళీ మన గడప తొక్కుతుందా?”

“వేస్తాను. వెయ్యనన్నానా?”

“తిప్పి వెయ్యాలి.”

“ఏం తిప్పి?”

“అల. ఏం తెలియనట్టు అడక్కు చిన్నీ. ఆ జపానువాళ్ళు చెక్క మీద చెక్కి అచ్చు గుద్దిన పాత బొమ్మలో పెద్ద అల ఎడమ పక్కన లేస్తుంది. పుస్తకంలో అంతే, ఎదురు షాపు మిషను ప్రింటులోనూ అంతే. మన దుకాణంలోనే కుడి పక్కన లేస్తోంది. పడవలు కూడా ఎదురు తిరిగి పోతున్నాయి.”

“ఇన్నేళ్ళలో ఎవరైనా వెనక్కి తెచ్చారా?”

“వాళ్ళు సోఫా రంగుకి సరిపోతుందా లేదా అని చూసి కొన్నారు. ఈయన అలాంటివాడు కాదు.”

“అయితే ఈయనకి వెయ్యను.”

“ఇదిగో, ఇదే. వానలో వంతెన అడిగితే వేశావు. మంచు కొండ అడిగితే వేశావు. ఒక్క అల అటు నుంచి ఇటు తిప్పమంటే గొంతు మారిపోతోందేం?”

“వంతెన కూడా తిప్పే వేశాను. నువ్వు చూసుకోలేదు.”

“చూసుకున్నాను. అమ్ముడుపోయింది కాబట్టి నోరు మూసుకున్నాను.”

“ఇప్పుడూ మూసుకో. నాకు కళ్ళు నొప్పిగా ఉన్నాయి.”

“పొద్దున సూదిలో దారం ఎక్కించి నా జాకెట్టుకి హుక్కు కుట్టావు.”

“నడుం కూడా నొప్పి.”

“ఎడమ అలకి నొప్పీ, కుడి అలకి హాయీనా? విను, ఇంకో మాట ఉంది. నువ్వు వేస్తుంటే చూస్తానన్నాడు.”

“ఎవరు?”

“రెండు టీలు తాగినాయన.”

“చూడ్డమేంటి? ఈ గదిలోకి అన్నయ్యనే రానివ్వను.”

“నన్ను మాత్రం రానిచ్చావా? కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది, నువ్వు కుంచె పట్టుకోగా చూసిన పాపాన పోలేదు. ఆయనకి ఒకసారి దెబ్బ తగిలిందట. మిషను ప్రింటు మీద పైపైన రంగు పూసి, చేతిపని అని ఎవరో అంటగట్టారట. అందుకే కళ్ళారా చూస్తే గానీ ఖాయం చెయ్యనంటున్నాడు.”

“అయితే పొమ్మను.”

“చిన్నీ, నిజం చెప్పు. నువ్వూ అదే చేస్తున్నావా?”

“ఏది?”

“ప్రింటు అంటించి పైన పూత.”

“వదినా. ఆ మాట మళ్ళీ అనకు.”

“అడగడం నా పని. గడియ వెనకున్న సరుకు గురించి జనం ఏమనుకుంటారో నేనూ అదే అనుకోవాలి. మీ అన్నయ్య సంగతి తెలుసుగా. ఈ బేరం పోతే ఈ గది ఎదురు షాపతనికి అద్దెకిచ్చేస్తాడు. మాట్లాడుకోవడం కూడా అయిపోయింది. నువ్వు కూర్చున్న చోట మిషను కూర్చుంటుంది. దానికి కళ్ళ నొప్పి రాదు.”

“ఈ గదిలోనా?”

“ఈ గదిలోనే. నీ నీలం సీసాలు అటక మీదికి.”

“పక్కకి జరుగు. తలుపు బయటికి తెరుచుకుంటుంది.”

“జరిగాను.”

“చూడు. బాగా చూడు. కుంచె ఏ చేత్తో పట్టుకున్నానో చూడు.”

“ఎడం చేత్తో.”

“ఆ. ప్రింటూ లేదు, పూతా లేదు. ఇదే నా దొంగ సరుకు.”

“అన్నం కుడి చేత్తోనే తింటావు. చిట్టీలు కుడి చేత్తోనే రాస్తావు.”

“అలవాటు చేశారు. నాన్న నా ఎడం చేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసి కూర్చోబెట్టేవాడు. ఆ చేత్తో వేసిన బొమ్మ నా దుకాణంలో వేలాడదు అనేవాడు. కుడి చేత్తో గీస్తే నా కొండలు బంగాళాదుంపల్లా వచ్చేవి. ఆయనకి చూపు తగ్గాక పని నా మీద పడింది. గడియ వేసుకుని ఈ చేత్తో వేశాను. బొమ్మని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసి, ఇప్పటికి నా చెయ్యి వచ్చిందే నీకు అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“భోజనానికి లేవమన్నాను.”

“మామగారు పోయాకైనా గడియ తీసి ఉండొచ్చుగా.”

“నాన్న పోయాడు. నాన్న మాట అన్నయ్య నోట్లో అలాగే ఉంది.”

“సరే, చెయ్యి సంగతి తెలిసింది. అల మాటేంటి?”

“ఆ చేతి వల్లే. ముందు గీయాల్సింది పెద్ద అల. ఆ గీత తడారకుండా చెయ్యి దాని మీద పాకకూడదు. మీరంతా ఎడమ నుంచి మొదలుపెట్టి ఇటు జరుగుతారు. నేను కుడి నుంచి మొదలుపెట్టి అటు జరగాలి. పుస్తకంలో ఉన్నట్టే ఒకసారి వేసి చూశాను. నురగంతా నా మణికట్టుకి అంటింది. అక్కడ అల లేదు, బురద ఉంది.”

“మరి ఆయనకి ఏం చెప్పి పంపను?”

“నువ్వేం చెప్పొద్దు. నేనే చెప్తాను, పిలువు.”

“తిప్పనంటే లేచి పోతాడు.”

“పోనీ.”

“గది కూడా పోతుంది.”

“మెట్ల కింద కూర్చుని వేస్తాను. అక్కడికీ మిషను వస్తే డాబా మీద వేస్తాను. ఎక్కడ వేసినా గడియ మాత్రం ఇక వెయ్యను. అన్నయ్య వచ్చి చూసుకోనీ, ఊరంతా వచ్చి చూసుకోనీ. పిలువు వదినా. నవ్వుతావేంటి?”

“నవ్వట్లేదు. సార్, ఒకసారి ఇలా లోపలికి రండి. కప్పు అక్కడే పెట్టెయ్యండి.”

“నమస్కారమమ్మా. బొమ్మలు వేసేది మీరేనా?”

“నేనే. కొంచెం పక్కకి నిలబడండి, వెలుగుకి అడ్డం వస్తున్నారు. ఇది కుంచె, ఇది చెయ్యి. ఎడమదే. మా అల కుడి నుంచే లేస్తుంది. ఈ ఊళ్ళో బోలెడు గోడల మీద అలాగే లేచింది, ఎవరి ఇల్లూ మునగలేదు. తిప్పమంటే తిప్పను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కావాలంటే రోడ్డు దాటండి, అక్కడ మిషను ఉంది. చేతిపని కావాలంటే చెయ్యి ఎటుంటే అటే తీసుకోవాలి. ఇష్టం లేకపోతే టీకి మేమేం లెక్క కట్టం, వెళ్ళి రండి.”

“తిప్పమని ఎవరన్నారమ్మా?”

“మీరే.”

“నేనా? మా పిల్లకి ఎప్పుడూ ఎడం చేతి గోళ్ళలోనే రంగు ఉంటుంది, ఆ చేత్తో వేసే అల ఇంకెక్కడా దొరకదని మీ వదినగారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తే, ఆ చెయ్యి చూసి పోదామని వచ్చాను. ఆ తలుపు తీయించే పూచీ తనదన్నారు.”